బ్రేకులు మార్చే ముందు ఒక లెక్క

తిరుమల కొండ మీంచి ఒక చిన్న కారు అలిపిరికి దిగుతోందనుకుందాం. లోపల ఐదుగురు, డిక్కీ నిండా సామాను. అన్నీ కలిపి 1,500 కిలోలు. కొండకూ కింద ఊరికీ ఎత్తులో తేడా సుమారు 700 మీటర్లు. అంత బరువు అంత ఎత్తు దిగేసరికి దాదాపు కోటి జౌళ్ల శక్తి ఎక్కడో ఒకచోట ఖర్చు కావాలి. 35 లీటర్ల చన్నీళ్లను మరిగే దాకా కాచగలిగినంత వేడి అది. కొంత గాలిలో పోతుంది, కొంత టైర్ల రాపిడిలో పోతుంది. బండి గేరులో ఉంటే ఇంజినూ కొంత తీసుకుంటుంది. మిగిలినదంతా చక్రాల దగ్గరున్న ఇనుప డిస్కులు, డ్రమ్ములే భరించాలి.

అదే కారు హైవే మీద గంటకు 100 కిలోమీటర్ల వేగం నుంచి పూర్తిగా ఆగిందనుకోండి. అప్పుడు వేడిగా మారే శక్తి 5.8 లక్షల జౌళ్లు. అంటే ఒక్కసారి కొండ దిగడం, వంద వేగంలో పోతున్న బండిని పద్దెనిమిది సార్లు ఆపడంతో సమానం.

కంపెనీ ఇచ్చిన బ్రేకులు చాలుతాయా, ఇంకా గట్టివి వేయించుకోవాలా అని అడిగేవాళ్లకు జవాబు ఈ రెండు అంకెల మధ్యే దొరుకుతుంది. ఒక్కసారి గట్టిగా ఆపడం ఒక పని. వేడెక్కుతున్నా పట్టు వదలకుండా మళ్లీ మళ్లీ ఆపగలగడం ఇంకో పని. ఒకదానికి కావలసినది వేరు, రెండోదానికి కావలసినది వేరు. మన బండి ఏ పనిలో వెనకబడుతోందో తేల్చుకోకుండా డబ్బు పెడితే ఆ డబ్బు అసలు లోపాన్ని తాకదు. ఇంట్లో వాళ్లందరినీ ఎక్కించుకుని తిరిగే బండి విషయంలో అది డబ్బు నష్టంతో ఆగే తప్పు కాదు. అందుకే ఇంత వివరంగా రాయాల్సి వస్తోంది.

ముందు టైరు సంగతి

బ్రేకు చక్రాన్ని ఆపుతుంది. బండిని ఆపేది టైరు. నేలకు ఆనుకున్న ఆ నాలుగు జానెడు రబ్బరు ముక్కలకు ఎంత పట్టుంటే అంతవరకే బండి ఆగుతుంది. ఖాళీగా, తిన్నగా, పొడిగా ఉన్న రోడ్డు చూసుకుని, వెనక ఎవరూ రావడం లేదని ఖాయం చేసుకుని, అరవై వేగంలో పెడల్‌ను కాలు దించి తొక్కి చూడండి. కాలి కింద టకటకమని అదురు తెలిస్తే, చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ పనిచేస్తోందన్నమాట. అంటే చక్రాన్ని పూర్తిగా బిగించేసే శక్తి బ్రేకులకు ఇప్పటికే ఉంది, టైరు పట్టే చాలడం లేదు. అలాంటి బండికి ఎంత పెద్ద డిస్కులు, ప్యాడ్లను డిస్కుకు నొక్కే కాలిపర్లు ఎన్ని పిస్టన్లవి వేయించినా ఆ ఒక్క ఆగడంలో దూరం తగ్గదు. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో అమ్మే కొత్త కార్లన్నింటికీ ఏబీఎస్ తప్పనిసరి కాబట్టి ఈ పరీక్ష చాలామంది చేసుకోగలిగినదే.

లెక్క చూడండి. పొడి తారు రోడ్డు మీద మంచి టైర్లతో వంద వేగం నుంచి ఆగడానికి 50 మీటర్లు కావాలి. వాన పడి, టైర్లు అరిగిపోయి, పట్టు సగానికి తగ్గిందా, అది 100 మీటర్లవుతుంది. డ్రైవరు ప్రమాదాన్ని చూసి కాలు బ్రేకు మీద పెట్టేలోపు ఒక్క సెకను గడిస్తే అప్పటికే 28 మీటర్లు పోయి ఉంటుంది, అది వేరే. ఏ బ్రేకు కిట్టు తెచ్చినా ఈ 50 మీటర్ల తేడాను పూడ్చలేదు. కారు టైరు గాడి లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలని చట్టం. వానాకాలంలో అంతవరకూ ఆగడం నా దృష్టిలో చాలా ఆలస్యం. గాడి నిండుగా ఉన్నా ఆరేడేళ్లు దాటి రబ్బరు గట్టిపడిన టైరుదీ ఇదే కథ. కారును ఎక్కువగా ఇంటి ముందే నిలిపి ఉంచే కుటుంబాల్లో ఈ రెండో రకం చాలా కనిపిస్తుంది.

కాబట్టి ‘అన్నా, బ్రేకు సరిగ్గా పట్టట్లేదు’ అని మెకానిక్‌ దగ్గరికి వెళ్లినప్పుడు ఆయన ముందు టైర్ల వైపు చూస్తే విసుక్కోకండి. ఆయన పని తెలిసినవాడు.

వేడి ఎక్కడికి పోతుంది

ఇక రెండో పని. నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది ఇదే, మన వాళ్లలో ఎక్కువమందికి తెలియనిదీ ఇదే.

బండి ఆగేటప్పుడు బరువంతా ముందుకు ఒరుగుతుంది కాబట్టి ఆపే శ్రమలో డెబ్భై శాతం దాకా ముందు చక్రాలదే. మనం పైన చెప్పుకున్న కారుకు ముందు డిస్కు ఒక్కోటి ఐదు కిలోలుంటుందనుకుంటే, వంద వేగం నుంచి ఒక్కసారి ఆగేసరికి ఆ డిస్కు ఇంచుమించు 90 డిగ్రీలు వేడెక్కుతుంది. చల్లారే వ్యవధి ఇవ్వకుండా నాలుగుసార్లు ఆపితే 350 డిగ్రీలు దాటిపోతుంది. మామూలు ప్యాడ్లలో పొడులన్నింటినీ అతికించి ఉంచేది ఒక రకం రెజిన్. ఆ వేడికి అది వాయువులు వదలడం మొదలుపెడుతుంది, ప్యాడుకూ డిస్కుకూ మధ్య పట్టు జారుతుంది. పెడల్ గట్టిగానే ఉంటుంది, కాలు ఎంత నొక్కినా బండి మాత్రం ఆగదు. దీన్నే ఫేడ్ అంటారు. వెనక డ్రమ్ములైతే వేడికి వ్యాకోచించి షూల నుంచి దూరం జరుగుతాయి, అక్కడా పట్టు తగ్గుతుంది. అంబాసిడర్, పద్మినిలకు నాలుగు చక్రాలకూ డ్రమ్ములే ఉన్న రోజుల్లో ఘాట్ దిగుతూ మధ్యలో బండి పక్కకు ఆపి, కాసేపు చల్లార్చుకుని కదిలేవాళ్లు. భయంతో చేసిన పని కాదు అది. బండిని ఎరిగి చేసిన పని.

పెద్ద డిస్కు అసలు విలువ ఇక్కడ తెలుస్తుంది. ఐదు కిలోల చోట ఏడు కిలోలుంటే అదే ఆగడానికి డిస్కు 90 బదులు 65 డిగ్రీలే వేడెక్కుతుంది. ఒక్కసారి ఆగే దూరం మారదు, పదోసారి ఆగే దూరం మారుతుంది. 1953లో ఫ్రాన్స్‌లోని లె మాన్ పందెంలో డన్‌లప్ డిస్కులు అమర్చిన జాగ్వార్ సీ-టైప్ గెలిచినప్పుడు ప్రపంచం చూసినది ఇదే. ఇరవైనాలుగు గంటల పందెంలో డ్రమ్ములున్న బండ్లు గంటలు గడిచే కొద్దీ బ్రేకుల్ని కాపాడుకుంటూ నడపాల్సి వస్తే, జాగ్వార్ డ్రైవర్లు ప్రతి ల్యాపులోనూ మలుపు దగ్గరదాకా వెళ్లి బ్రేకు తొక్కగలిగారు.

ఇంకో రకం వైఫల్యం ఉంది. ఫేడ్ కన్నా అదే నాకు ఎక్కువ భయం. మనం బ్రేక్ ఆయిల్ అని పిలిచే ద్రవం గాల్లోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగకూడదు. 3.7 శాతం నీరు చేరాక ఆ పరిమితి 140కి పడిపోతుంది. డాట్ 4కు ఆ అంకెలు 230, 155. డాట్ 5.1కు 260, 180. కాలిపర్ లోపల ఆయిలు మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ఆయిలును నొక్కలేం, ఆవిరిని నొక్కగలం. ఇక పెడల్ అడుగంటా పోతుంది, బ్రేకు మాత్రం పడదు. ఫేడ్ వచ్చినప్పుడు కాస్తో కూస్తో హెచ్చరిక ఉంటుంది. ఇందులో బ్రేకు ఒక మలుపులో ఉండి మరుసటి మలుపులో ఉండదు.

అందుకే చాలా కంపెనీలు రెండేళ్లకొకసారి బ్రేక్ ఆయిల్ పూర్తిగా మార్చమని మాన్యువల్‌లో రాస్తాయి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రపు గాలి ఊళ్లలో దాన్ని అస్సలు వాయిదా వేయకూడదు. మన సర్వీసుల్లో జరిగేది మాత్రం డబ్బాలో మట్టం చూసి, తగ్గినంత పోయడం. అది మార్చడం కాదు. నాలుగు చక్రాల దగ్గరా నిపుల్ విప్పి పాతదంతా పోయేదాకా బ్లీడింగ్ చేయాలి. కొత్త ఆయిలు లేత తేనె రంగులో ఉంటుంది, మీ డబ్బాలోది డికాషన్ రంగుకు తిరిగితే గడువు ఎప్పుడో దాటిందని అర్థం. కొన్ని వందల రూపాయల ఆయిలు, ఒక గంట పని. ఘాట్లు ఎక్కే బండికి ఇంతకన్నా విలువైన బ్రేకు అప్‌గ్రేడ్ నాకు తెలియదు. డాట్ 3 ఉన్నచోట డాట్ 4, డాట్ 4 ఉన్నచోట 5.1 పోయించవచ్చు, అన్నీ ఒకే జాతివి. పేరు దగ్గరగా ఉన్న డాట్ 5 మాత్రం సిలికాన్ రకం. దాన్ని వీటితో కలపకూడదు.

నలభై నిమిషాల నిబంధన

తిరుమల నుంచి దిగే పాత ఘాట్ రోడ్డు 1944లో మొదలైంది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య పర్యవేక్షణలో రూపుదిద్దుకున్న దారి అని చెప్పుకుంటాం. 1974లో రెండో దారి వచ్చాక ఎక్కడానికి అది, దిగడానికి ఇది అయ్యాయి. దిగే వాహనం కనీసం నలభై నిమిషాలు తీసుకోవాలని దేవస్థానం పెట్టిన నిబంధన చాలామంది డ్రైవర్లకు చిరాకు. వేగాన్ని అదుపు చేయడానికి పెట్టిన నియమమే, కానీ బ్రేకుల వైపు నుంచి చూస్తే దాని విలువ ఇంకా పెరుగుతుంది. కోటి జౌళ్లు పావుగంటలో బయటికి పోవడానికీ నలభై నిమిషాల్లో పోవడానికీ తేడా ఉంది. శక్తి మారదు, డిస్కులకు గాలి తగిలే సమయం మారుతుంది.

అమెరికాలో కొలరాడోలోని పైక్స్ పీక్ కొండ దారిలో ఇంకో పద్ధతి ఉంది. దిగేటప్పుడు దారి మధ్యలో గ్లెన్ కోవ్ దగ్గర సిబ్బంది కార్లను ఆపి, చక్రానికి గన్ థర్మామీటరు గురిపెట్టి వేడి చూస్తారు. 300 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే దాదాపు 150 సెల్సియస్ దాటితే పక్కన నిలిపి, చల్లారాకే పంపిస్తారు. అనంతగిరి, మారేడుమిల్లి, శ్రీశైలం దారుల్లోనూ ఒక్కో చోట అలాంటి ఏర్పాటు పెట్టడం పెద్ద ఖర్చు కాదు. ప్రభుత్వాలు దీని గురించి ఆలోచించాలని నా గట్టి కోరిక.

కొండ దిగడంలో బ్రేకుల కన్నా ముందుండాల్సింది గేరు. ఏ గేరులో ఎక్కాలో ఆ గేరులోనే దిగాలని పాత లారీ డ్రైవర్లు నేర్పే పాఠం చిన్న కారుకూ వర్తిస్తుంది. రెండో గేరులో వదిలితే బండి వేగాన్ని ఇంజినే పట్టి ఉంచుతుంది, మలుపు ముందు మాత్రమే బ్రేకు పడుతుంది. ఆటోమేటిక్ అయితే ఎల్, బి లేదా మాన్యువల్ మోడ్ ఉంటుంది, అది వాడాలి. కొండ పొడుగునా పెడల్ మీద కాలు ఆనించి ఉంచితే డిస్కుకు చల్లారే క్షణమే దొరకదు. వేగం పెరిగాక కొద్దిసేపు గట్టిగా తొక్కి, తగ్గాక పూర్తిగా వదిలేయడం మేలు.

పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో దించే అలవాటు ఇప్పటికీ పోలేదు. ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న ఈనాటి కార్లలో గేరులో ఉంచి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజిన్‌కు పెట్రోలు సరఫరాయే ఆగిపోతుంది, న్యూట్రల్‌లోనే కొంత కాలుతుంది. ఇంకా కొందరు ఇంజిన్ కూడా ఆపేస్తారు. అప్పుడు బ్రేకు బూస్టర్‌లో మిగిలిన వ్యాక్యూమ్ రెండు మూడు తొక్కుళ్లకు అయిపోతుంది, ఆపైన పెడల్ రాయిలా బిగుసుకుంటుంది, స్టీరింగూ బరువెక్కుతుంది. ఇలా దిగేవాళ్లకు ఏ బ్రేకు కిట్టూ రక్షణ కాదు. మీ డ్రైవరు ఈ పని చేస్తుంటే వెనక సీట్లోంచి చెప్పడానికి మొహమాటపడకండి.

ఎర్ర రంగు కాలిపర్లు

సికింద్రాబాద్ రాణీగంజ్, విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల దొరకని విడిభాగం ఉండదు. అక్కడ ‘బ్రేకు అప్‌గ్రేడ్’ పేరుతో వచ్చేవన్నీ ఒక గాటన కట్టేవి కావు.

చక్రం సందుల్లోంచి ఎర్రగా మెరిసే కాలిపర్ కవర్లు వట్టి తొడుగులు. ఆపడంలో వాటి పాత్ర లేదు, పైగా కాలిపర్‌కు తగిలే గాలిని అడ్డుకుంటాయి. ఘాట్లు ఎక్కే బండికి అవి వద్దే వద్దు. రంధ్రాలు పెట్టిన డిస్కుల విషయంలో కూడా జాగ్రత్త. పాత తరం ప్యాడ్ల నుంచి వచ్చే వాయువులు బయటికి పోవడానికి పుట్టిన ఏర్పాటది. నాసిరకం పోతలో, బాగా వేడెక్కి చల్లారే వాడకంలో ఆ రంధ్రాల దగ్గరే పగుళ్లు మొదలవుతాయి. స్టీలు అల్లిక ఉన్న హోసులు వేయిస్తే పెడల్ గట్టిపడినట్టు తెలుస్తుంది. ఆగే దూరం తగ్గదు, కానీ పాత రబ్బరు హోసులు ఉబ్బుతున్న బండికి మార్చడం అవసరమే.

ప్యాడ్ల మార్పుకు మాత్రం నిజమైన ఫలితం ఉంటుంది, ఎంపిక సరిగ్గా ఉంటే. చాలా ప్యాడ్ల అంచున రెండక్షరాల గుర్తు ముద్రించి ఉంటుంది. ఈఈ, ఎఫ్‌ఎఫ్, జీజీ ఇలా. మొదటి అక్షరం మామూలు వేడిలో పట్టును, రెండోది బాగా కాలాక పట్టును చెబుతుంది. ఈ అంటే ఘర్షణ గుణకం 0.25 నుంచి 0.35, ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45, జీ అంటే 0.45 నుంచి 0.55. మొదటి అక్షరం కన్నా రెండోది తక్కువగా ఉందంటే వేడెక్కాక ఆ ప్యాడు నీరసిస్తుందని తయారీదారే చెబుతున్నట్టు. ఘాట్ వాడకానికి రెండో అక్షరం చూసి కొనండి. రేసింగ్ ప్యాడ్లు ఇంకా మేలనుకోవద్దు. అవి వేడెక్కితేనే పట్టుకుంటాయి. పొద్దున్నే పిల్లల్ని బడికి దింపడానికి బయల్దేరిన బండికి మొదటి కూడలిలో అవి చల్లగా ఉంటాయి, మామూలు ప్యాడ్ల కన్నా తక్కువగా పడతాయి.

వెనక డ్రమ్ములు తీసి డిస్కులు పెట్టించమనే సలహా చాలామందిని తినేస్తుంది. టాప్ వేరియంట్‌కు వెనక డిస్కులు ఇచ్చి, కింది వేరియంట్‌కు డ్రమ్ములు ఇచ్చేసరికి మనకేదో తక్కువ ఇచ్చారనిపిస్తుంది. వెనక చక్రాల మీద పడే పని తక్కువ. తేలికైన కారుకు డ్రమ్ములు సరిపోతాయి, దుమ్మూ బురదా లోపలికి పోవు, హ్యాండ్ బ్రేకు గట్టిగా పడుతుంది. ఫోక్స్‌వాగన్ తన ఎలక్ట్రిక్ కారు ఐడీ.4కు కావాలనే వెనక డ్రమ్ములు పెట్టింది. మోటారే బండి వేగాన్ని కరెంటుగా మార్చి తగ్గిస్తుంటే వెనక బ్రేకులకు పని ఉండదు, వాడని డిస్కులు తుప్పు పడతాయి. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున పరిగెత్తిన ఫార్ములా ఈ కార్లలో వెనక చక్రాల్ని మామూలుగా నెమ్మదింపజేసింది మోటారే. హైడ్రాలిక్ బ్రేకులు ముందు చక్రాలకే ఉన్నాయి, వెనక ఉన్నది అత్యవసర ఏర్పాటు మాత్రమే. (ఎలక్ట్రిక్ కారు వాళ్లకు ఒక మాట. కొండ మీద బ్యాటరీ నూరు శాతం నింపుకుని దిగవద్దు. నిండిన బ్యాటరీ కరెంటు తీసుకోదు, అప్పుడు మోటారు బండిని పట్టి ఉంచలేదు. భారం మళ్లీ డిస్కుల మీదే పడుతుంది.)

డ్రమ్ముల నుంచి డిస్కులకు మారడంలో అసలు ఇబ్బంది ఇంకొకటి. ముందు వెనక చక్రాల మధ్య బ్రేకు ఒత్తిడి ఎలా పంచాలో ఆ బండికి లెక్కగట్టి ఏబీఎస్ కంప్యూటర్‌లో అమర్చి ఉంటారు. వెనక భాగాలు మార్చి లెక్క మార్చకపోతే తడి రోడ్డు మలుపులో వెనక చక్రాలు ముందుగా బిగిసి బండి గిర్రున తిరిగి జారవచ్చు. ముందు పెద్ద కాలిపర్లు పెట్టినా ఇదే చిక్కు. పిస్టన్లకు ఎక్కువ ఆయిలు కావాలి, పాత మాస్టర్ సిలిండర్ అంత పంపలేక పెడల్ లోతుకు పోతుంది. పెద్ద డిస్కు పట్టాలంటే పెద్ద రిమ్ములు, వాటికి తగ్గ టైర్లు. ఒకటి మారిస్తే నాలుగు మార్చాలి.

చట్టం సంగతీ చూడాలి. తయారీ సంస్థ ఇచ్చిన రూపానికీ రిజిస్ట్రేషన్ వివరాలకూ తేడా వచ్చే మార్పులు చేయకూడదని మోటారు వాహన చట్టం 52వ సెక్షను చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగా నిలబెట్టింది. అదే ఏడాది సవరణతో యజమాని చేసే ఒక్కో అక్రమ మార్పుకు 5 వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ వచ్చాయి. అదే కొలతల ప్యాడ్లు, డిస్కులు, ఆయిలు మార్చుకోవడం నిర్వహణే, దానికి భయం అక్కర్లేదు. అంతకు మించి వెళ్లేవాళ్లు బీమా సంస్థకు ముందే రాసి చెప్పి, వాళ్ల జవాబు దగ్గర ఉంచుకోవాలి.

ఎవరికి నిజంగా అవసరం

ఏడుగురు ఎక్కే బండికి పైన క్యారియర్ నింపి తరచూ అరకు, పాడేరు దారుల్లో తిరిగేవాళ్లకు మంచి ప్యాడ్లు, డాట్ 5.1 ఆయిలు, కొత్త డిస్కులు పెట్టుబడే. ఇంజిన్ రీమ్యాప్ చేయించి శక్తి పెంచుకున్నవాళ్లు బ్రేకుల్ని అలాగే వదిలేయడం నాకు ఒప్పుదల కాదు. వేగం రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది. చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై, కోయంబత్తూరు కారీ ట్రాకుల మీద సొంత కారు నడిపేవాళ్లకు పేరున్న కంపెనీ పూర్తి కిట్టు, దాన్ని అమర్చడం తెలిసిన వర్క్‌షాప్ కావాలి. వాళ్లది వేరే ప్రపంచం, వాళ్ల ఖర్చూ లక్షల్లోనే.

మిగిలిన మనందరి బండ్లలో లోపం ఎక్కువగా పాతబడటంలోనే ఉంటుంది. ఇంజిన్ నడుస్తుండగా పెడల్ తొక్కి పట్టుకుంటే మెల్లగా దిగిపోతోందా? మాస్టర్ సిలిండర్ సీళ్లు పోయాయి. బ్రేకు వేస్తే బండి ఒక పక్కకు లాగుతోందా? ఒక కాలిపర్ పిన్ను బిగుసుకుంది. స్టీరింగ్ ఊగుతోందా? డిస్కు మందం అంతటా ఒకేలా లేదు. ఇవి బాగుచేయించిన రోజున, చాలామంది ఇంత మంచి బ్రేకులు తమ బండికి ఎప్పుడూ లేవనుకుంటారు. మూడు మిల్లీమీటర్లకు అరిగిన ప్యాడ్లు మార్పించేటప్పుడు పాతవి చేతికివ్వమని అడగండి. ఒకే చక్రం జతలో ఒక ప్యాడు నిండుగా ఉండి ఇంకోటి అరిగిపోతే కాలిపర్ సరిగ్గా జారడం లేదని అది చూడగానే తెలుస్తుంది.

కొత్త ప్యాడ్లు వేయించిన మర్నాడే కొండకు బయల్దేరకండి. ఖాళీ రోడ్డు మీద అరవై వేగం నుంచి పదిహేనుకు, పూర్తిగా ఆగకుండా, ఓ మోస్తరు గట్టిగా ఎనిమిది పది సార్లు తగ్గించాలి, మధ్య మధ్య కొంచెం దూరం నడపాలి. చివర్లో కాలు పెడల్ మీద పెట్టి నిలబెట్టకుండా కొన్ని కిలోమీటర్లు తీరిగ్గా నడిపి చల్లార్చాలి. ప్యాడు పదార్థం డిస్కు మీద సన్నని పొరగా అంటుకోవడానికే ఇదంతా. ఆ పొర కుదిరాకే ప్యాడు అంచున ఉన్న అక్షరాలు చెప్పిన పట్టు చేతికొస్తుంది.